కాంపోనెంట్ టెస్టర్ అప్‌గ్రేడ్, క్యాలిబ్రేషన్: ముందు బోర్డు, తర్వాత ఫర్మ్‌వేర్, చివర్లో సెల్ఫ్ టెస్ట్

"సెల్ఫ్ టెస్ట్ చేశాను, అయినా కెపాసిటర్ రీడింగ్ తప్పే వస్తోంది." రెసిస్టర్, కెపాసిటర్, ట్రాన్సిస్టర్ లాంటివి తగిలిస్తే గుర్తించి విలువ చూపించే టెస్టర్ల గురించి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. అడిగినవాళ్లలో చాలామంది సెల్ఫ్ టెస్ట్‌తోనే మొదలుపెట్టి ఉంటారు. అక్కడే వరస తిరగబడింది.

సెల్ఫ్ టెస్ట్ (టెస్టర్ తన సొంత లోపాలను తనే కొలిచి సర్దుకునే పని) సరిచేసేవి కొన్నే: ప్రోబ్‌ల (కాంపోనెంట్ తగిలించే కొనల) సొంత కెపాసిటెన్స్, వైర్ల రెసిస్టెన్స్, చిప్ పోర్టుల లోపలి రెసిస్టెన్స్, కంపారేటర్ (రెండు వోల్టేజ్‌లను పోల్చే భాగం) ఆఫ్‌సెట్. బోర్డు మీద రెసిస్టర్ విలువ తప్పయినా, సప్లై ఊగుతున్నా, చిప్ పోర్టు దెబ్బతిన్నా అది ఏమీ చేయలేదు. గోడ వంకరగా కట్టి సున్నం బాగా వేస్తే గోడ నిలువు కాదు కదా.

ఇక్కడ చెప్పేది ఏటీమెగా328పి చిప్‌తో పనిచేసే మూడు ప్రోబ్‌ల టెస్టర్ల గురించి. మార్కెట్లో రకరకాల పేర్లతో దొరికే కిట్లు, క్లోన్‌లు చాలావరకు ఈ కుటుంబానివే. వీటికి వాడుకలో ఉన్న ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్‌లు (చిప్‌లో ఉండి టెస్టర్‌ను నడిపే ప్రోగ్రామ్‌లు) రెండు: కె-ఫర్మ్‌వేర్, ఎం-ఫర్మ్‌వేర్.

1. మొదలుపెట్టే ముందు

1.1 కెపాసిటర్‌ను డిశ్చార్జ్ చేయడం అలవాటు చేసుకోండి

ప్రోబ్‌లు దాదాపు నేరుగా చిప్ పిన్‌లకే వెళ్తాయి. చార్జ్ ఉన్న కెపాసిటర్ తగిలితే మధ్యలో ఆపేది ఏమీ ఉండదు.

పాత పవర్ సప్లై నుంచి ఊడదీసిన కెపాసిటర్ ఒకటి నా టేబుల్ మీద చాలా రోజులు పడి ఉంది. ఇంకా చార్జ్ ఏముంటుందిలే అని టెస్టర్ సాకెట్‌లో పెట్టాను. టప్ మని చిన్న శబ్దం. టెస్టర్ చచ్చిపోలేదు, అదే అసలు ఇబ్బంది. 1, 3 ప్రోబ్‌ల మధ్య అన్నీ సరిగ్గా చూపించేది, 2 తగిలితే మాత్రం రీడింగ్ జరిగిపోయేది. ఫర్మ్‌వేర్ మార్చాను, రెసిస్టర్లు మార్చాను. చివరికి చిప్ మారిస్తేగానీ దారికి రాలేదు.

ఎక్కువ వోల్టేజ్ కెపాసిటర్లకు 1 నుంచి 2 కిలోఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ పెట్టి డిశ్చార్జ్ చేయండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయొద్దు. తర్వాత మల్టీమీటర్‌తో చూడండి. పెద్ద ఎలక్ట్రోలైటిక్‌లలో కాసేపటికి కొంత వోల్టేజ్ మళ్లీ పైకి వస్తుంది, కాబట్టి సాకెట్‌లో పెట్టే ముందు ఇంకోసారి చూడాలి.

1.2 దగ్గర ఉంచుకోవాల్సినవి

- నమ్మదగిన మల్టీమీటర్
- 1 శాతం లేదా అంతకన్నా మెరుగైన రెసిస్టర్లు: 10 ఓమ్, 1 కిలోఓమ్, 100 కిలోఓమ్, 1 మెగాఓమ్
- సీ0జీ రకం సెరామిక్ కెపాసిటర్లు: 100 పికోఫారడ్, 1 నానోఫారడ్
- 100 నానోఫారడ్, 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్లు
- ఒక 1ఎన్4148 డయోడ్, ఒక బీసీ547 ట్రాన్సిస్టర్
- యూఎస్‌బీఏఎస్‌పి లాంటి ఐఎస్‌పి ప్రోగ్రామర్ (చిప్‌లో ఫర్మ్‌వేర్ రాసే పరికరం)
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్ బ్రష్

ఎక్స్7ఆర్, వై5వీ సెరామిక్‌లను రిఫరెన్స్‌గా వాడొద్దు. వాటి విలువ వోల్టేజ్‌తో, వేడితో మారిపోతుంది. కొలబద్దే సాగుతుంటే దాంతో ఏం కొలుస్తాం?

1.3 "ముందు" రీడింగులు రాసుకోండి

బోర్డుకు సోల్డరింగ్ ఐరన్ తగిలించకముందే పై కాంపోనెంట్లు అన్నీ ఒకసారి కొలిచి కాగితం మీద రాయండి. ప్రతి రెసిస్టర్‌నీ, కెపాసిటర్‌నీ మూడు జతల్లోనూ కొలవాలి: 1-2, 1-3, 2-3.

ఈ మూడు జతల కొలత చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, తప్పు ఎక్కడుందో చెప్పేది అదే. ఇలా చదవండి:

- ఏ విలువ పెట్టినా తేడా అంతే ఉంది (100 పికోఫారడ్‌కూ 12 ఎక్కువ, 1000కీ 12 ఎక్కువ): అది జీరో ఆఫ్‌సెట్. సెల్ఫ్ టెస్ట్‌తో పోతుంది.
- తేడా విలువతో పాటు పెరుగుతోంది (అన్నింటికీ 3 శాతం ఎక్కువ): రెసిస్టర్లు, రిఫరెన్స్ వోల్టేజ్ లేదా ఫర్మ్‌వేర్‌లో గుణకం. సెల్ఫ్ టెస్ట్‌తో పోదు.
- ఒకే ప్రోబ్ కలిసిన జతల్లో మాత్రమే తేడా: ఆ ప్రోబ్ రెసిస్టర్, సాకెట్ లేదా చిప్ పోర్టు.
- కొలిచిన ప్రతిసారీ వేరే విలువ: సప్లై లేదా వదులుగా ఉన్న కాంటాక్ట్.

2. బోర్డు పని

2.1 ఆరు రెసిస్టర్లు

టెస్టర్‌కు గుండెకాయ ఈ ఆరే. ఒక్కో ప్రోబ్‌కు ఒక 680 ఓమ్, ఒక 470 కిలోఓమ్. కొలతలన్నీ వీటితో పోల్చి చేసేవే. ఇవి 2 శాతం తప్పయితే మీ రీడింగ్ కూడా దాదాపు అంతే తప్పు.

చిప్ బేస్‌లో కూర్చున్న డిప్ (రెండు వరసల కాళ్లున్న) రకమైతే పని సులువు. పవర్ తీసేసి, చిప్ ఊడదీసి, ఖాళీ బేస్ మీదే మల్టీమీటర్‌తో కొలవొచ్చు. సాధారణ సర్క్యూట్‌లో పిన్‌లు ఇలా ఉంటాయి:

- ప్రోబ్ 1: పిన్ 14, 23 మధ్య 680 ఓమ్, పిన్ 15, 23 మధ్య 470 కిలోఓమ్
- ప్రోబ్ 2: పిన్ 16, 24 మధ్య 680 ఓమ్, పిన్ 17, 24 మధ్య 470 కిలోఓమ్
- ప్రోబ్ 3: పిన్ 18, 25 మధ్య 680 ఓమ్, పిన్ 19, 25 మధ్య 470 కిలోఓమ్

ఆరు విలువలూ రాసుకోండి. మూడు 680లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయన్నది కూడా ముఖ్యమే. మూడూ 684 ఉంటే ఫర్మ్‌వేర్‌లో ఆ విలువ ఇచ్చి సరిపెట్టుకోవచ్చు. ఒకటి 675, ఇంకోటి 688 ఉంటే ఏ సెట్టింగూ కాపాడదు, మార్చాల్సిందే. మారుస్తుంటే ఆరింటినీ 0.1 శాతం రకంతోనే మార్చేయండి, మళ్లీ మళ్లీ బోర్డు విప్పే పని ఉండదు.

చిప్ రెసిస్టర్ల మీద ఉండే కోడ్ దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. మూడంకెల్లో 681 అంటే 680 ఓమ్. 680 అని రాసి ఉంటే అది 68 ఓమ్. నాలుగంకెల్లో మాత్రం 6800 అంటే 680 ఓమ్. 470 కిలోఓమ్‌కు 474 లేదా 4703.

2.2 రెగ్యులేటర్

బ్యాటరీ వోల్టేజ్‌ను నిలకడైన 5 వోల్టులుగా మార్చే రెగ్యులేటర్‌గా చాలా బోర్డుల్లో 78ఎల్05 ఉంటుంది. పని చేస్తుంది, కానీ తనకే కొన్ని మిల్లీయాంపులు తింటుంది, పైగా ఇన్‌పుట్ సుమారు 7 వోల్టుల కిందికి జారితే అవుట్‌పుట్ పడిపోతుంది. 9 వోల్టుల బ్యాటరీ సగం వాడకముందే రీడింగులు తేడా కొట్టడం మొదలవుతుంది.

దాని బదులు ఎంసీపీ1702 రకం 5 వోల్టులది వేస్తే సొంత వాడకం 2 మైక్రోయాంపులే, చాలా తక్కువ తేడాతో కూడా 5 వోల్టులు నిలబెడుతుంది. రెండు జాగ్రత్తలు:

- కాళ్ల వరస వేరు. అచ్చు మీ వైపు పెట్టి, ఎడమ నుంచి చూస్తే 78ఎల్05 కాళ్లు అవుట్‌పుట్, గ్రౌండ్, ఇన్‌పుట్. ఎంసీపీ1702కు గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. పాత రంధ్రాల్లో అలాగే దింపితే పొగ వస్తుంది.
- దీని ఇన్‌పుట్ పరిమితి 13.2 వోల్టులు. లోడ్ లేనప్పుడు 15 వోల్టులు ఇచ్చే పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ పెట్టొద్దు.

2.3 వోల్టేజ్ రిఫరెన్స్

ఏటీమెగా328పి లోపలి 1.1 వోల్టుల రిఫరెన్స్ (కొలతలకు కొలబద్దగా వాడే వోల్టేజ్) డేటాషీట్ ప్రకారం 1.0 నుంచి 1.2 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే ఒకే కిట్ రెండు కొన్నా డయోడ్ వోల్టేజ్, కెపాసిటర్ విలువ రెండింట్లో రెండు రకాలుగా కనిపిస్తాయి. రెసిస్టర్ రీడింగ్ నిష్పత్తి మీద నడుస్తుంది కాబట్టి దానికి ఈ బాధ తక్కువ.

బోర్డులో 2.5 వోల్టుల బయటి రిఫరెన్స్‌కు చోటు ఉంటే (పిన్ 27 దగ్గర, 5 వోల్టుల నుంచి 2.2 కిలోఓమ్ ద్వారా) ఎల్ఎం4040 వేయండి. ఏ గ్రేడ్ 0.1 శాతం, సీ గ్రేడ్ 0.5 శాతం. మన పనికి సీ గ్రేడ్ కూడా చాలు. చాలా క్లోన్‌లలో అక్కడ టీఎల్431 ఉంటుంది. కొలిచి చూస్తే 2.5కు దగ్గరగా, నిలకడగా ఉంటే దాన్ని కదపకండి.

2.4 చిన్న చిన్నవి

పిన్ 21 (రిఫరెన్స్ పిన్) దగ్గర 100 నానోఫారడ్ కెపాసిటర్ ఉంటే 1 నానోఫారడ్‌తో మార్చండి. టెస్టర్ కొలత మధ్యలో రిఫరెన్స్‌ను 5 నుంచి 1.1 వోల్టులకు మారుస్తుంది, పెద్ద కెపాసిటర్ ఉంటే అది దిగడానికి సమయం పడుతుంది. పిన్ 20కి దగ్గరలో 100 నానోఫారడ్ లేకపోతే ఒకటి వేయండి.

సాకెట్ స్ప్రింగులు వదులైతే సాకెట్ మార్చేయడమే మేలు. శుభ్రం చేసి ఎంతకాలం నెట్టుకొస్తాం?

2.5 శుభ్రం చేయడం

సోల్డరింగ్ అయ్యాక ఫ్లక్స్ మరకలు వదిలేయడం నేను ఎక్కువగా చూసే తప్పు. 470 కిలోఓమ్‌ల దగ్గర కొద్దిపాటి లీకేజీ కూడా కొలతను లాగేస్తుంది, మెగాఓమ్‌ల రెసిస్టర్లు, చిన్న కెపాసిటర్లు ముందుగా దెబ్బతింటాయి. ఆల్కహాల్‌తో ప్రోబ్ సాకెట్ చుట్టూ, ఆరు రెసిస్టర్ల కింద బాగా రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి.

పవర్ ఇచ్చేటప్పుడు ఈ వరసలో చూసుకోండి:

- చిప్ బేస్ ఖాళీగా ఉందా
- పిన్ 7, 8 మధ్య షార్ట్ లేదు కదా
- పవర్ ఇచ్చాక, స్విచ్ నొక్కి పట్టుకుంటే, పిన్ 7 దగ్గర 5 వోల్టులు వస్తున్నాయా
- పవర్ తీశాకే చిప్ పెడుతున్నారా

3. ఫర్మ్‌వేర్

3.1 పాతదాన్ని దాచుకోలేరు

క్లోన్‌లలో చాలావరకు లాక్ బిట్లు (చిప్‌లోని ప్రోగ్రామ్‌ను చదవనివ్వని తాళం) వేసే అమ్ముతారు. ప్రోగ్రామర్‌తో చదివితే చెత్త వస్తుంది, చెరిపితే మళ్లీ తిరిగి రాదు. అందుకే కొత్త చిప్ ఒకటి కొని దాంట్లో రాయండి. పాత చిప్‌ను అలాగే భద్రంగా పక్కన పెట్టండి. కొత్త ఫర్మ్‌వేర్ డిస్‌ప్లేతో కుదరక తల పట్టుకున్న రోజు, పాత చిప్ పెట్టి బోర్డు బాగానే ఉందని తేల్చుకోవచ్చు.

3.2 బోర్డు వివరాలు సేకరించండి

- క్రిస్టల్ 8 మెగాహెర్ట్జా, 16 మెగాహెర్ట్జా (డబ్బా మీదే రాసి ఉంటుంది)
- డిస్‌ప్లే కంట్రోలర్ ఏది: ఎస్‌టీ7565, ఎస్‌టీ7735, ఎస్‌టీ7920, ఇంకేదైనా
- డిస్‌ప్లే వైర్లు చిప్‌లో ఏ పిన్‌లకు వెళ్తున్నాయి
- చిప్ పేరులో చివర పి ఉందా, పీబీ ఉందా

మూడోదాని దగ్గర ఓపిక కావాలి. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి ఒక్కో వైరు వెతకండి. ఎం-ఫర్మ్‌వేర్‌తో వచ్చే ఫైళ్లలో క్లోన్‌ల జాబితా ఒకటి ఉంటుంది, మీ బోర్డు అందులో ఉంటే డిస్‌ప్లే సెట్టింగులు సిద్ధంగా దొరుకుతాయి. అయినా రెండు మూడు వైర్లు సరిచూడండి. ఒకే పేరుతో వేర్వేరు బోర్డులు అమ్ముతుంటారు.

3.3 సెట్టింగులు

కాన్ఫిగ్ ఫైల్‌లో చూడాల్సినవి: చిప్ రకం, క్లాక్, డిస్‌ప్లే, మీరు కొలిచి రాసుకున్న 680, 470 కిలోఓమ్ విలువలు, బయటి 2.5 వోల్టుల రిఫరెన్స్ ఉందా లేదా, బ్యాటరీ హెచ్చరిక ఇచ్చే వోల్టేజ్. 328లో 32 కిలోబైట్లే ఉంటాయి, అన్ని హంగులూ ఆన్ చేస్తే పట్టదు. ముందు అవసరమైనవి పెట్టి, చోటు మిగిలితే మిగతావి చూసుకోండి.

3.4 ప్రోగ్రామ్ చేయడం

1. ప్రోబ్ సాకెట్ పూర్తిగా ఖాళీ చేయండి, క్లిప్‌లు కూడా తీసేయండి. ప్రోగ్రామింగ్‌కు వాడే పిన్‌లు 17, 18, 19 ప్రోబ్‌ల రెసిస్టర్లకు కూడా వెళ్తాయి. సాకెట్‌లో ఏదైనా ఉంటే ప్రోగ్రామింగ్‌లో లోపాలు రావచ్చు.
2. ప్రోగ్రామర్ వైర్లు: రీసెట్ పిన్ 1, మోసి 17, మిసో 18, క్లాక్ 19, 5 వోల్టులు 7, గ్రౌండ్ 8.
3. ముందు చిప్ సంతకం (అది ఏ చిప్పో చెప్పే కోడ్) చదవండి. కొత్త చిప్ 1 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంటుంది కాబట్టి ప్రోగ్రామర్ వేగం తగ్గించాలి. లేకపోతే చిప్ దొరకలేదని చెబుతుంది.
4. ఫ్యూజులు (క్లాక్ లాంటివి నిర్ణయించే చిప్ సెట్టింగులు) రాయండి. క్రిస్టల్ ఉన్న 328పికి లో ఫ్యూజ్ ఎఫ్7, హై ఫ్యూజ్ డీ9, ఎక్స్‌టెండెడ్ ఫ్యూజ్ ఎఫ్‌సీ. 328పీబీలో ఫుల్ స్వింగ్ ఆసిలేటర్ లేదు, దానికి లో ఫ్యూజ్ ఎఫ్ఎఫ్.
5. ఫ్లాష్ ఫైల్ (అసలు ప్రోగ్రామ్) రాయండి.
6. ఈఈప్రామ్ ఫైల్ (స్క్రీన్ అక్షరాలు, క్యాలిబ్రేషన్ విలువల లాంటి డేటా) కూడా రాయండి. రెండూ ఒకే కంపైల్ నుంచి వచ్చినవై ఉండాలి.

ఆరో అడుగు వదిలేసేవాళ్లే ఎక్కువ. ఫలితం: స్క్రీన్ మీద అర్థంకాని అక్షరాలు, తలాతోకా లేని విలువలు.

రాసేశాక మొదట ఆన్ చేసినప్పుడు:

- స్క్రీన్ ఖాళీ: కాంట్రాస్ట్ చూడండి, తర్వాత డిస్‌ప్లే పిన్‌లు.
- స్క్రీన్ మొత్తం తెలుపు: కంట్రోలర్ తప్పు ఎంచుకున్నారు.
- అక్షరాలు అద్దంలోలా తిరగబడ్డాయి: ఫ్లిప్ సెట్టింగ్.
- స్క్రీన్ నత్తనడకన గీస్తోంది: ఫ్యూజులు పడలేదు, చిప్ ఇంకా 1 మెగాహెర్ట్జ్ మీదే ఉంది.
- కెపాసిటర్లన్నీ రెట్టింపు చూపిస్తున్నాయి: బోర్డులో 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, ఫర్మ్‌వేర్‌లో 8. సగం చూపిస్తే దీనికి ఎదురు.

4. క్యాలిబ్రేషన్

4.1 పరిస్థితులు

రోజూ వాడే క్లిప్‌లు, వైర్లు పెట్టే క్యాలిబ్రేట్ చేయండి. వైర్ల కెపాసిటెన్స్, రెసిస్టెన్స్ ఆ లెక్కలోనే కలుస్తాయి. సాకెట్‌తో క్యాలిబ్రేట్ చేసి పొడవాటి క్లిప్ వైర్లతో కొలిస్తే చిన్న కెపాసిటర్లు ఎక్కువ చూపిస్తాయి.

వీలైతే కొత్త బ్యాటరీ మీద చేయండి. స్విచింగ్ అడాప్టర్ల శబ్దం పికోఫారడ్‌ల దగ్గర బయటపడుతుంది. సోల్డరింగ్ చేసిన వెంటనే కూర్చోవద్దు, బోర్డు చల్లారాలి.

4.2 సెల్ఫ్ టెస్ట్ వరస

1. మూడు ప్రోబ్‌లను కలిపి షార్ట్ చేయండి. సాకెట్ అయితే చిన్న మందపాటి రాగి తీగ ముక్కలు వాడండి. క్లిప్‌లు అయితే మూడింటినీ ఒకే తీగకు గట్టిగా కరిపించండి.
2. టెస్ట్ బటన్ నొక్కండి. షార్ట్‌ను గుర్తించి సెల్ఫ్ టెస్ట్ మొదలుపెట్టమంటారా అని అడుగుతుంది. కె-ఫర్మ్‌వేర్‌లో వెంటనే మళ్లీ బటన్ నొక్కాలి, ఆలస్యం చేస్తే దాటిపోతుంది.
3. రిఫరెన్స్ వోల్టేజ్, 680 రెసిస్టర్ల పోలిక, 470 కిలోఓమ్‌ల పోలిక వరసగా కనిపిస్తాయి. ఇక్కడ కళ్లు స్క్రీన్ మీదే ఉంచండి. మూడు జతల సంఖ్యలూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి మాత్రం దూరంగా ఉంటే ఆగి, 2.1కి వెళ్లండి.
4. ప్రోబ్‌లు విడదీయమని అడుగుతుంది. తీగ తీసేసి, క్లిప్‌లు ఒకదానికొకటి తగలకుండా టేబుల్ మీద పెట్టి చేతులు వెనక్కి తీసుకోండి. చేత్తో పట్టుకుంటే మీ ఒంటి కెపాసిటెన్స్ కూడా "సున్నా" అయిపోతుంది.
5. లీకేజీ, పోర్టుల లోపలి రెసిస్టెన్స్, ప్రోబ్‌ల కెపాసిటెన్స్ కొలుస్తుంది. లోపలి రెసిస్టెన్స్ సుమారు 20 ఓమ్‌లు ఉండటం మామూలే.
6. కె-ఫర్మ్‌వేర్ అయితే చివర్లో 1, 3 ప్రోబ్‌ల మధ్య 100 నానోఫారడ్ కన్నా పెద్ద కెపాసిటర్ పెట్టమంటుంది. డిశ్చార్జ్ చేసిన ఫిల్మ్ కెపాసిటర్ పెట్టండి, ఎలక్ట్రోలైటిక్ వద్దు. ఈ అడుగులో కంపారేటర్, రిఫరెన్స్ ఆఫ్‌సెట్లు సరిదిద్దుతుంది.

ఎం-ఫర్మ్‌వేర్‌లో టెస్ట్, అడ్జస్ట్‌మెంట్ మెనూలో విడివిడిగా ఉంటాయి, అడ్జస్ట్ చేశాక సేవ్ కూడా ఎంచుకోవాలి. ఆఫ్‌సెట్ల కోసం తర్వాత 1 మైక్రోఫారడ్ లాంటి ఫిల్మ్ కెపాసిటర్‌ను ఒకసారి కొలవండి, అది తనే సర్దుకుంటుంది.

4.3 మిగిలిన తేడా

ఇప్పుడు 1.3లో కొలిచినవన్నీ అదే వరసలో, మూడు జతల్లోనూ మళ్లీ కొలవండి.

రెసిస్టర్లు సరిగ్గా ఉండి, కెపాసిటర్లన్నీ ఒకే శాతం తేడా చూపిస్తుంటే కాన్ఫిగ్‌లోని కెపాసిటర్ గుణకం మార్చాలి. ఇది 0.1 శాతం మెట్లలో ఉంటుంది. ఒకే ఒక్క కెపాసిటర్ చూసి మార్చొద్దు. ఎందుకంటే 5 శాతం కెపాసిటర్ 4 శాతం ఎక్కువ చూపిస్తే అది టెస్టర్ తప్పో, కెపాసిటర్ తప్పో తెలియదు. కనీసం మూడు వేర్వేరు విలువలు ఒకే వైపు, ఒకే శాతం తప్పితేనే గుణకం జోలికి వెళ్లండి. గుణకం మార్చి మళ్లీ రాసినప్పుడు ఈఈప్రామ్ చెరిగిపోతుంది, సెల్ఫ్ టెస్ట్ మళ్లీ చేయాలి.

డయోడ్ వోల్టేజ్ దగ్గర మరీ పట్టుదలకు పోవద్దు. వేళ్ల మధ్య పట్టుకున్న 1ఎన్4148 డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు దిగుతుంది. సాకెట్‌లో పెట్టి, ఒక నిమిషం ఆగి కొలవండి.

5. ఇదంతా చేసినా రానివి

టెస్ట్ వోల్టేజ్ 5 వోల్టులే. 5.1 వోల్టుల జీనర్ మామూలు డయోడ్‌లా కనిపిస్తే మీ క్యాలిబ్రేషన్ తప్పు కాదు. వోల్టేజ్ పెంచే బూస్ట్ సర్క్యూట్ ఉన్న బోర్డుల్లోనే దాన్ని కొలవగలం. ఇండక్టర్లలో 0.01 మిల్లీహెన్రీ కన్నా చిన్నవి సాధారణ పద్ధతిలో రావు, రెసిస్టర్‌గా చూపించేస్తుంది.

సర్క్యూట్‌లో ఉండగానే కెపాసిటర్ కొలవాలని చూడొద్దు. పక్కనున్న కాంపోనెంట్లన్నీ లెక్కలో కలిసిపోతాయి. కనీసం ఒక కాలు ఊడదీయండి.

క్లిప్ వైర్లు మార్చినా, సాకెట్ మార్చినా, చిప్ మార్చినా 4.2 మళ్లీ చేయాలి. నేను టెస్టర్ డబ్బా మూత లోపల ఒక చిన్న కాగితం అంటించాను: ఆరు రెసిస్టర్ల అసలు విలువలు, రిఫరెన్స్ వోల్టేజ్, ఫర్మ్‌వేర్ వెర్షన్, చివరిగా క్యాలిబ్రేట్ చేసిన తేదీ, 1 నానోఫారడ్ సీ0జీకి మూడు జతల్లో వచ్చిన రీడింగులు. అనుమానం వచ్చినప్పుడు ముందుగా ఆ 1 నానోఫారడ్‌నే సాకెట్‌లో పెట్టి చూస్తాను.